బానెట్టు కింద గడియారం

మన భాషలో చప్పుళ్ళకు కరువు లేదు. తలుపు కిర్రుమంటుంది. గజ్జె ఘల్లుమంటుంది. పెనం మీద నీటిచుక్క చుయ్యిమంటుంది. గుండె దడదడలాడుతుంది, పళ్ళు పటపటలాడతాయి, ఆకలేస్తే కడుపు కరకరలాడుతుంది. ఇన్ని మాటలున్న భాషలో పుట్టి కూడా, కారును షెడ్డుకు తీసుకుపోయినప్పుడు మాత్రం మనం "ఏదో సౌండు వస్తోందండీ" అని ఊరుకుంటాం. డాక్టరు ముందు కూర్చుని "ఒంట్లో ఎక్కడో ఏదో నొప్పి" అంటే ఆయన ఏంచేస్తాడు? పరీక్షలన్నీ రాసిస్తాడు. షెడ్డులో అయితే ఇంజను విప్పుతారు. ఆ "ఏదో" అన్నమాట ఖరీదు చివరికి బిల్లులో కనబడుతుంది.

అంచేత ఈ వారం ఒకే ఒక చప్పుడు గురించి ముచ్చటించుకుందాం: టిక్కు టిక్కు.

టిక్కు అంటే గోటితో స్టీలు గ్లాసు అంచు మీద కొట్టినట్టుండే సన్నని చప్పుడు. రోటిలో రోకలి పడినట్టు లోతు నుంచి వచ్చే దబ్బు దబ్బు వేరు. అది చాలాసార్లు క్రాంకుషాఫ్టు దగ్గర బేరింగు అరిగిన చప్పుడు. అది వింటే మరొక్క మైలు కూడా నడపకుండా కారును లాగించుకుపోవడమే మంచిది. ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో చిల్లర ఆడించినట్టు గలగలమంటే అదీ వేరే. పెట్రోలు మండవలసిన తీరులో మండటంలేదని దాని అర్థం. ఈ మూడింటినీ కలిపి "సౌండు" అన్నామంటే వినేవాడికి ఏమని అర్థమవుతుంది?

టిక్కు వినబడగానే చేయవలసిన మొదటి పనికి కానీ ఖర్చు లేదు. చదునైన నేలమీద కారు ఆపి, ఇంజను కట్టేసి, ఓ పది నిమిషాలు ఆగండి. ఆయిలు చూసే కడ్డీ పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దింపి తీయండి. కడ్డీ మీద రెండు గుర్తులుంటాయి. ఆయిలు ఆ రెంటి మధ్యా ఉండాలి. ఆయిలు అడుగున ఉంటుంది, వాల్వులు ఇంజను నెత్తిమీద ఉంటాయి. ఆయిలు అక్కడిదాకా పంపు బలంతో ఎక్కాలి. అపార్టుమెంటులో నీళ్ళు చాలకపోతే ముందుగా ఎండిపోయేది పై అంతస్తు కుళాయే కదా, ఇక్కడా అంతే. ఆయిలు తక్కువైనా, మార్చకుండా బంకలా చేసినా, కంపెనీవారు చెప్పిన రకం కాకుండా మరొకటి పోసినా, ముందుగా మూలిగేది ఇంజను నెత్తే.

చాలామంది ఎర్రదీపం వెలగలేదు గనక ఆయిలు ఉన్నట్టే అనుకుంటారు. మామూలుగా ఆ దీపం చెప్పేది ఆయిలు ఎంత ఉందో కాదు, ఎంత ఒత్తిడితో పారుతోందో. నడుస్తుండగా అది వెలిగిందంటే ఇంటిదాకా పోదామని ఆశపడకూడదు. అక్కడే పక్కకు తీసి ఆపెయ్యాలి.

ఆయిలు సరిగ్గానే ఉంది, టిక్కు మానలేదు. అప్పుడు దాని లయ వినాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకుషాఫ్టు రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యాంషాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. కారు నిలబడి ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి, ఒక్కొక్క వాల్వు 400 సార్లు తెరుచుకుంటుంది. అంటే సెకనుకు ఆరు, ఏడు సార్లు. తాతగారి కాలపు కీ ఇచ్చే చేతిగడియారం ఇంట్లో ఉంటే చెవి దగ్గర పెట్టుకోండి. అలాంటివి చాలామటుకు సెకనుకు ఐదుసార్లు టిక్కుమంటాయి. బానెట్టు కింద చప్పుడు ఇంచుమించు ఆ నడకలోనే, కాస్త తొందరగా సాగుతూ, యాక్సిలరేటరు తొక్కినకొద్దీ వేగం పెరుగుతుంటే మన అనుమానం వాల్వుల వైపు పోవాలి. ఇంజను వేగం మారినా టిక్కు వేగం మారకపోతే అది వాల్వుల పని కాదు. కరెంటుతో నడిచే మరేదో చిన్న పరికరం అయివుంటుంది. కారు నిలబడి ఉండగా ఎంత తొక్కినా టిక్కు లేక, కదిలాక మాత్రమే వస్తే ఇంజను జోలికే పోవద్దు. టైరు గాళ్ళలో ఇరుక్కున్న కంకరరాయి కూడా ఇంజనంత గంభీరంగానే టిక్కుమంటుంది.

వాల్వుల దగ్గర టిక్కు ఎందుకు పుడుతుందో చెప్పాలంటే అక్కడుండే సందు గురించి చెప్పాలి. వాల్వుకూ దాన్ని నొక్కే రాకరుకూ మధ్య కావాలనే వెంట్రుక మందం సందు వదులుతారు. ఇంజను కాగితే వాల్వు సాగుతుంది. సందు లేకపోతే సాగిన వాల్వుకు పోయేచోటు లేక తలుపు పూర్తిగా మూసుకోదు. మన రోడ్లమీద ఎన్నో ఏళ్ళు ఏలిన అంబాసిడరునే తీసుకోండి. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014లో దాని తయారీ ఆగిపోయినా, పాతబండిని ప్రాణంగా చూసుకునేవారు ఇంకా ఉన్నారు. దాని 1489 సీసీల పెట్రోలు ఇంజనుకు ఆ సందు అంగుళంలో వెయ్యింట పదిహేనో వంతు. మిల్లీమీటరులో చెప్పాలంటే సుమారు 0.38. ఆ మందం గల ఉక్కురేకు, మేస్త్రీలు ఫీలరు గేజి అనేది, సందులో దూర్చితే అటు బిగుతుగానూ ఇటు వదులుగానూ కాకుండా జారాలి.

దీన్ని సరిచేయడానికి మేస్త్రీలకు ఒక తొమ్మిది లెక్క ఉంది. నాకది ఎక్కాల పుస్తకమంత ఇష్టం. ఎనిమిది వాల్వులు వరసగా ఉంటాయి. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సరిచెయ్యాలి. ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది. ఐదోది తెరుచుకున్నప్పుడు నాలుగోది. ఏ రెండు కలిపినా తొమ్మిది రావాలి. పుస్తకం తెరవకుండా, కాగితం ముట్టకుండా పనంతా అయిపోతుంది. టిక్కు ఏ వాల్వుదో పట్టడం అంతకన్నా సులువు. పైమూత తీసి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఆ రేకును ఒక్కొక్క సందులోనే దూరుస్తూ పోతారు. ఏ సందులో దూర్చినప్పుడు టిక్కు ఆగిందో దొంగ అక్కడున్నట్టే.

అయితే సందు ఎక్కువైతే టిక్కుమంటుంది గనక, బిగించి నోరు మూయిస్తే బాగుపడినట్టేనని అనుకోకూడదు సుమండీ. ఇక్కడే ఎన్నో ఇంజనులు పాడవుతున్నాయి. మండిన గ్యాసు బయటికి పోయే ఎగ్జాస్టు వాల్వు ఎర్రగా కాగిపోయేటంత వేడిలో పనిచేస్తుంది. ఆ వేడిని అది వదిలించుకునేది ముఖ్యంగా, మూసుకుని పీటకు ఆనుకున్న ఆ కాస్త క్షణంలోనే. సందు బిగిస్తే అది పూర్తిగా ఆనదు. వేడి దిగదు. అంచు మాడి ఒకనాడు పెచ్చు ఊడుతుంది. ఆ బండి పొద్దున్నే స్టార్టు కాదు, కొండ ఎక్కదు, కానీ చప్పుడు మాత్రం చెయ్యదు. కాస్త టిక్కుమనే టాపెట్టుతో వేల మైళ్ళు తిరగవచ్చు. మౌనవ్రతం పట్టిన టాపెట్టును నమ్మడానికి లేదు.

పాత బండ్లకు ఈ బాధ 2000 సంవత్సరం తరవాత మరికాస్త పెరిగింది. అప్పటికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు పోయింది. పోవడం మంచిదే, పసిపిల్లల మెదళ్ళకు అది విషం. కాని ఆ సీసం వాల్వు ఆనే పీటమీద సన్నని పూతలా నిలిచి మెత్తని ఇనుమును కాపాడుతుండేది. అది లేకపోయేసరికి పాత ఇంజనుల్లో పీట అరిగి, వాల్వు లోపలికి కూరుకుపోయి, సందు దానంతటదే మూసుకుపోతుంది. గ్యాసు మీద నడిపే బండ్లలోనూ ఇది కొంత జరుగుతుంది. అంచేత గ్యాసు కిట్టు పెట్టించుకున్నాక "ఇదివరకటికన్నా ఇంజను నిశ్శబ్దంగా ఉందండీ" అని మురిసిపోయేవారు టాపెట్లు ఒకసారి చూపించుకోవాలి. చాలా కొత్త కార్లలో ఈ సందు తలనొప్పి లేకుండా ఆయిలుతో నిండి తనంతట తానే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు ఉంటాయి. రాత్రంతా నిలబడిన కారులో వాటి ఆయిలు కొంచెం జారిపోయి, పొద్దున్నే కాసేపు టకటకమని ఊరుకుంటాయి. ఊరుకుంటే సరే. ఇంజను బాగా కాగిన తరవాత కూడా ఊరుకోకపోతే మళ్ళీ ఆయిలు దగ్గరికే రావాలి.

ఇక లయతో పాటు వేళను కూడా కనిపెట్టాలి. చల్లగా ఉన్నప్పుడా, కాగిన తరవాతా? చదునులోనా, ఎత్తులోనా? ఈ రెండు ప్రశ్నలు అడగనందుకు కాకినాడలో నాకు తెలిసిన ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారి ఇంట్లో ఎంత పని జరిగిందో చెబుతాను.

ఆయనది 1980లలో కొన్న పెట్రోలు అంబాసిడరు. తెల్లది. టిక్కు టిక్కుమని మొదలుపెట్టింది. ఒక షెడ్డులో చూసి, "టాపెట్లు" అని బిగించారు. తగ్గలేదు. మరో షెడ్డులో చెవి కూడా ఆనించకుండా, "బేరింగులు పోయాయి, ఇంజను దింపాలి, హాఫ్ ఇంజను పనికి వస్తుంది" అన్నారు. వాళ్ళు చెప్పిన ఖర్చు విని పెద్దబ్బాయి, "నాన్నగారూ, దానికి అంత పెట్టేకంటే తుక్కుకు ఇచ్చేద్దాం" అన్నాడు. మాస్టారికి మనసొప్పలేదు. ఆ కారులోనే పిల్లల పెళ్ళిళ్ళకు చుట్టాలను రైలుస్టేషను నుంచి మోసుకొచ్చారు మరి. ఆయన బాధ ఆయనది కాగా, వాళ్ళావిడ బాధ మరొకటి. ఏడాదిగా ఆవిడకు కారెక్కితే తలనొప్పి, కడుపులో తిప్పడం. "నాకు ఈ వయసులో ప్రయాణం పడదులెండి" అని ఏ ఊరూ వెళ్ళడం మానుకున్నారు. చెల్లెలి మనవడి బారసాలకు కూడా వెళ్ళలేదు.

నేను అడిగిందల్లా ఆ రెండు ప్రశ్నలే. మాస్టారు బడిలో పిల్లల హాజరు రాసినంత శ్రద్ధగా జవాబు చెప్పారు. పొద్దున్నే స్టార్టు చేయగానే టిక్కు గట్టిగా ఉంటుంది. పదీ పదిహేను నిమిషాలకు సగానికి సగం తగ్గుతుంది. కాని అన్నవరం కొండ ఎక్కేటప్పుడు మళ్ళీ విజృంభిస్తుంది, పైకి చేరి చదునుకు రాగానే అణుగుతుంది.

ఆ జవాబులోనే సగం సంగతి ఉంది. టాపెట్టుకు కొండా, చదునూ అంత పట్టింపు లేదు. దానికి ఇంజను వేగంతో పని. ఎంత బరువు లాగుతున్నదీ చూసి పెరిగే టిక్కు చాలామటుకు గ్యాసు కారే చోట పుడుతుంది. ఇంజను నుంచి మండిన గ్యాసును సైలెన్సరు గొట్టంలోకి చేర్చే ఇనుప మానిఫోల్డు ఉంటుంది. అది ఇంజనుకు అతికేచోట గాస్కెట్టు ఉంటుంది. ఆ గాస్కెట్టు ఒకచోట కాలిపోతే, ఆ సిలిండరు పేలినప్పుడల్లా చిటుక్కుమని గాలి చిమ్ముతుంది. వినడానికి అచ్చం టాపెట్టు లాగే ఉంటుంది. ఇనుము కాగి వ్యాకోచించాక సందు కొంత మూసుకుంటుంది గనక చప్పుడు తగ్గుతుంది. ఎత్తులో ఇంజను ఎక్కువ గ్యాసు వదులుతుంది గనక మళ్ళీ పెరుగుతుంది.

మర్నాడు పొద్దున, ఇంజను చల్లగా ఉండగా, ఊళ్ళో ఒక పాతకాలపు మేస్త్రీని పిలిపించారు. ఆయన టార్చిలైటు వేసి మానిఫోల్డు చివరి బోల్టు పక్కన చూపించాడు. కాటుక దిద్దినట్టు అరచేతిమందం మసి. స్టార్టు చేయించి, తడిగుడ్డ ఉండతో సైలెన్సరు గొట్టం మూతిని ఒక్క క్షణం అదిమిపట్టాడు. టిక్కు రెట్టింపయింది. ఇంజను దింపడం లేదు, బేరింగులు లేవు. గాస్కెట్టు ఒకటి, బోల్టు ఒకటి, ఒక పూట పని. టాపెట్లు కూడా మళ్ళీ విప్పి, మొదటి షెడ్డువారు బిగించేసిన సందులను తిరిగి పదిహేనుకు తెచ్చాడు.

మసిని చూసి మాస్టారు సంతోషించారు గాని, నేను బానెట్టు వెనక ఇనుపగోడ చూస్తున్నాను. తీగలు కారు లోపలికి పోయే కంతలకు ఉండవలసిన రబ్బరు బిళ్ళలు ఎండి రాలిపోయాయి. ఇంజను చిమ్మిన గ్యాసు బానెట్టు కింద చేరి, ఆ కంతల్లోంచి నేరుగా ముందు సీటులోకి వస్తోందన్నమాట. అందులో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబినుకు అది ప్రాణవాయువుకన్నా రెండువందల రెట్లు పైగా గట్టిగా అంటుకుంటుంది. కొద్దిగా పీలిస్తే తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. అచ్చం ప్రయాణం పడనివాళ్ళ లక్షణాలే. ఎక్కువైతే నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆవిడ తలనొప్పి ఫలానా దానివల్లేనని చెప్పడానికి నేను వైద్యుణ్ణి కాను. గాస్కెట్టు మార్చి, కంతలకు కొత్త రబ్బర్లు వేసిన తరవాత ఆవిడ సామర్లకోట మీదుగా రాజమండ్రి దాకా వెళ్ళి వచ్చారు, తల నొప్పి పెట్టలేదు. ఇది మాత్రం చెప్పగలను.

కొత్త కార్లవారు ఇది పాతబండ్ల గొడవ అనుకోవద్దు. వారి గొట్టంలో విషాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టరు ఉన్నమాట నిజమే. కాని మానిఫోల్డు దగ్గర కారే గ్యాసు ఆ కన్వర్టరు దాకా పోకుండానే బయటపడుతుంది కదా. టిక్కుతో పాటు కారులో పొగవాసనగానీ, ఎక్కినవారందరికీ ఒకేసారి తలనొప్పిగానీ వస్తే అద్దాలు దింపి, కారు ఆపి దిగిపోవడమే. మూసిన గ్యారేజీలో ఇంజను నడపడం ఏ బండికీ పనికిరాదు.

టిక్కు ఏ మూల నుంచి వస్తోందో పట్టడానికి ఖరీదైన సాధనాలు అక్కర్లేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవి దగ్గరి ఎముకకు ఆనించి వింటే చాలు, ఎక్కడికక్కడ చప్పుడు విడివిడిగా వినబడుతుంది. నవ్వకండి, వైద్యం కూడా ఇలాగే నేర్చుకుంది. రోగి ఛాతీ మీద వేళ్ళతో తట్టి రోగం పోల్చవచ్చని 1761లో పుస్తకం రాసిన ఆయెన్‌బ్రుగ్గర్ ఒక పూటకూళ్ళ సత్రం యజమాని కొడుకు. పీపాలో సారాయి ఎంతవరకు ఉందో తట్టి చూసే విద్య ఇంట్లోనే చూశాడంటారు. 1816లో ఫ్రాన్సులో లెన్నెక్ అనే డాక్టరు కాగితాలు గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు. అదే స్టెతస్కోపుకు మొదలు. మన మేస్త్రీ స్క్రూడ్రైవరు దానికి దూరపు చుట్టం. ఒక్క జాగ్రత్త. తిరిగే బెల్టుల దగ్గర పమిటకొంగు, చున్నీ, ఉత్తరీయం, మెడగొలుసు ఉండకూడదు. చాలా కార్లలో రేడియేటరు దగ్గరుండే కరెంటు ఫ్యాను ఇంజను ఆపిన తరవాత కూడా హఠాత్తుగా తిరగవచ్చు. పిల్లలను అటు రానివ్వకండి.

మిగిలిన టిక్కులు చిన్నవి. పెట్రోలు ఇంజెక్టర్లు తమ పని తాము చేసుకుంటూ చిన్నగా టిక్కుమంటూనే ఉంటాయి, వాటిని కదపనక్కర్లేదు. ప్లగ్గు వదులైతే టిక్కుతో పాటు ఫుస్సుమనే ఊపిరి కూడా వినబడుతుంది. ప్లగ్గు తీగలున్న పాత బండ్లలో తీగ తొడుగు చిట్లితే కరెంటు పక్కకు దూకుతుంది. చీకట్లో బానెట్టు ఎత్తి దూరంగా నిలబడి చూస్తే మిణుగురులా నీలపు మెరుపు కనబడుతుంది. తీగను చేత్తో పట్టుకోకూడదు, వేల వోల్టులు. కారు ఆపి ఇంట్లోకి వెళ్ళాక వసారాలో వినబడే టిక్కు టిక్కు కాగిన ఇనుము చల్లారే చప్పుడు. దానికి ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు.

షెడ్డుకు పోయేవారికి ఇంకొక్క మాట. చల్లటి ఇంజనులో మాత్రమే వచ్చే టిక్కు, మీరు ఐదు మైళ్ళు నడిపి షెడ్డుకు చేరేసరికి మాయమవుతుంది. "ఏమీ లేదే!" అంటాడు మేస్త్రీ. ఇంటికి వచ్చి మర్నాడు స్టార్టు చేస్తే మళ్ళీ టిక్కు. ఈ రోజుల్లో అందరూ సెల్‌ఫోనులో రికార్డు చేసి వినిపిస్తున్నారు. అది కొంత సాయమేగాని, ఫోనులో రోకలిపోటుకూ గోటిచప్పుడుకూ తేడా బాగా తెలియదు. అంతకంటే సాయంత్రమే కారు తీసుకుపోయి షెడ్డులో వదిలి, పొద్దున్నే తాను తాళం తిప్పేటప్పుడు మిమ్మల్ని కూడా పిలవమని మేస్త్రీతో చెప్పి రండి. ఆటో ఖర్చు అవుతుంది, అంతే.